తలకిందులైన గ్రాఫు

పూస పగల్లేదు, ఎగిరింది. గొడవంతా అక్కడే మొదలైంది.

వేరే దేశపు మ్యూజియానికి పంపడం కోసం హారాన్ని సీలు వేసిన పెట్టెలోంచి తీసి ప్రయాణం పెట్టెలో సర్దుతున్నప్పుడు డైరెక్టర్ గారి చేయి జారింది. దారం తెగి, మధ్యలో ఉండే పెద్ద పూస నేల మీద పడింది. కోట్ల ఏళ్లు భూమిలో ఉండి రాయిలా గట్టిపడిన చెట్టు జిగురే అంబర్. ఆ అంబర్‌తో చేసిన పూస, ఆపైన వేల ఏళ్లు ఒక సమాధిలో మగ్గింది. అంత పెళుసు వస్తువు పడితే బిస్కెట్‌లా నలిగిపోవాలి. ఇదేమో టక్కుమని గోలీలా లేచి, రెండు గంతులేసి బీరువా కిందికి దొర్లింది. గదిలో ఉన్నవాళ్లంతా ఆ చప్పుడు విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది ప్లాస్టిక్ చప్పుడు.

అప్పటి నుంచి మ్యూజియం గేటు తెరవలేదు. కింద వరండాలో పెట్టె తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి గడియారం చూసుకుంటూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. పైన, పాత వస్తువులు శుభ్రం చేసే గదిలో, స్టీలు స్టూలు మీద, ఈ లేబరేటరీలో పనిచేసే అక్కాచెల్లెళ్లిద్దరిలో చెల్లెలు కూర్చుని ఉంది. ఆమె ఫోన్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జేబులో ఉంది. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు.

లెక్క చూస్తే తప్పంతా చెల్లెలి మీదికే వస్తోంది. హారం విప్పి పూసల్ని శుభ్రం చేసింది ఆమే. పోయిన వారం ఒక్కో పూసనీ ఇన్‌ఫ్రారెడ్ మెషీన్ కింద పెట్టి, అన్నీ అసలైనవేనని సంతకం చేసింది ఆమే. మళ్లీ గుచ్చి, పెట్టెలో పెట్టి సీలు వేసిందీ ఆమే. ఆ సీలు ఈ ఉదయం దాకా చెక్కు చెదరలేదు. సాయంత్రం లోపు ఇంకో మనిషిని చూపించలేకపోతే ఈమెను తీసుకెళ్తానని ఇన్‌స్పెక్టర్ చెప్పేసింది. ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే అందరికీ ఇంకా భయం వేసింది.

మెషీన్ బాధ్యత అక్కది. అక్క పూసను బీరువా కింది నుంచి తీసి పట్టకారుతో పట్టుకుని నిలబడింది. చెల్లెలి వైపు చూస్తే ఏడుపొస్తుందని చూడలేదు.

డైరెక్టర్ గారిని వెనకాల అందరూ 'చూద్దాం సార్' అని పిలుస్తారు. ఏ కాగితం పెట్టినా, ఏ కష్టం చెప్పినా ఆయన నోటి నుంచి వచ్చేది ఆ ఒక్క మాటే. ఈరోజు మాత్రం ఆయనకు ఉత్సాహం ముంచుకొచ్చింది. హారంలోని ఇంకో పెద్ద పూస తీసుకుని కోటు చేతికి గబగబా రుద్ది, కాగితం ముక్కల దగ్గర పెట్టాడు. ముక్కలు లేచి పూసకు అతుక్కున్నాయి. అంబర్‌కు ఆ గుణం ఉంది, ఇది అసలుదే, అనవసరంగా కంగారు పడ్డాం అంటూ నుదురు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ తన బ్యాగులోంచి ప్లాస్టిక్ దువ్వెన తీసి, జుట్టుకు రెండుసార్లు రుద్ది, అవే ముక్కల్ని పైకి లేపింది.

"ఇది మా ఊరి సంతలో కొన్నాను సార్," అంది. "దీన్ని కూడా మ్యూజియంలో పెడతారా?"

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. డైరెక్టర్ గారు పూసను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడే బావ వచ్చాడు, చేతిలో భోజనం క్యారియర్‌తో. రోజూ ఆ వేళకు వస్తాడు. పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు తయారు చేసిచ్చే ఆయన షాపు ఈ వీధి చివరే ఉంది. భార్యకూ మరదలికీ ఇంటి నుంచి తెచ్చిన భోజనం ఇచ్చి, పది నిమిషాలు కబుర్లు చెప్పి పోతుంటాడు. కానిస్టేబుల్ అడ్డుపడితే డైరెక్టర్ గారే, మనవాడే, రానివ్వండి అన్నాడు. బావ వస్తూనే మరదలి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మంచినీళ్లు తాగించాడు. తను తాగలేదు.

అక్క పూసను పక్క గదికి తీసుకెళ్లింది. మధ్యలో అద్దాల గోడే కాబట్టి అటువాళ్లకు ఇటు, ఇటువాళ్లకు అటు కనబడుతుంది. మెషీన్‌కు తడి గాలి పడదు. తేమ లాగే యంత్రం మూల నుంచి పగలూ రాత్రీ గుర్రుమంటూనే ఉంటుంది. ఈరోజు ఆ మోత చెవిలో జోరీగలా ఉంది. ఇన్‌స్పెక్టరూ డైరెక్టర్ గారూ వెనకే వచ్చి నిలబడ్డారు.

మెషీన్ పైన మినపగింజంత వజ్రపు ముక్క ఉంటుంది. వస్తువును దాని మీద పెట్టి పైనుంచి మర బిగిస్తారు. కింది నుంచి కంటికి కనబడని వెలుగు వస్తుంది. ఒక్కో పదార్థం ఆ వెలుగులో తనకు కావలసిన భాగాన్ని మింగేస్తుంది. ఎక్కడెక్కడ మింగిందో అక్కడల్లా గ్రాఫులో కొండలు లేస్తాయి. ఏ పదార్థం కొండల వరస దానిదే.

గ్రాఫు వచ్చింది. అంబర్ కాదు. అక్రిలిక్ ప్లాస్టిక్.

డైరెక్టర్ గారు గ్రాఫు చూసి, తన బుర్రలో ఉన్నదంతా ఒక్కసారి కక్కేశాడు. పెచ్చులూడే వస్తువులకు పూయడానికి చెల్లెలి బీరువాలో ఉండే జిగురు సీసా కూడా అక్రిలిక్కేనని, పూసలు దానితోనే పోత పోసి ఉంటారని అన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆ సీసా తెప్పించింది. అక్క దాన్నీ పరీక్షించి రెండు గ్రాఫుల్నీ ఒకదాని మీద ఒకటి పరిచింది. పెద్ద కొండ రెండింటిలోనూ ఒకే చోట ఉంది. అద్దం అవతల చెల్లెలు కూడా అది చూసింది. ఆమె భుజాలు వాలిపోయాయి.

"దూరం నుంచి చూస్తే అన్నదమ్ములు ఒకేలా కనిపిస్తారు మేడమ్. దగ్గరకొచ్చి గడ్డం చూడండి," అంది అక్క, గ్రాఫు చివరి భాగాన్ని పెద్దది చేస్తూ. అక్కడ చిన్న కొండల వరస వేరుగా ఉంది. సీసాలోని జిగురుకు ఉన్న ఒక కొండ పూసకు లేదు. పూసకు ఉన్న రెండు, జిగురుకు లేవు. ఒకటి, ఇంకా గట్టిపడకుండా మిగిలిపోయిన పచ్చి ద్రవానిది. ఇంకొకటి, పెద్ద కొండ పక్కన భుజంలా పొడుచుకొచ్చింది. అది దేవదారు చెట్టు కార్చే జిగురుది.

ప్లాస్టిక్‌లో చెట్టు జిగురు ఎందుకని ఇన్‌స్పెక్టర్ అడిగింది. అంబర్ నిజమైనదో కాదో చూసేవాళ్లు వేడి సూదితో గుచ్చి వాసన చూస్తారు. ప్లాస్టిక్ కంపు కొడుతుంది, అంబర్ చెట్టు జిగురు వాసన వేస్తుంది. ఈ పూస చేసినవాడికి ఆ సంగతి తెలుసు. అందుకని జిగురు పొడి కలిపాడు. హారంలో మిగిలిన పెద్ద పూసలు కూడా చూస్తే అన్నీ అదే బాపతు. చిన్నవి మాత్రం అసలువే.

"అంటే మీ పరీక్షలేంటో తెలిసిన మనిషి," అంది ఇన్‌స్పెక్టర్. "మీ చెల్లెలికి తెలుసు కదా."

చెల్లెల్ని కాపాడాలని పట్టుకున్న తాడు చెల్లెలి మెడకే బిగుసుకుంది.

ముగ్గురూ తిరిగి ఆ గదిలోకి వచ్చేసరికి బావ మరదలికి ఏదో నచ్చజెప్తున్నాడు. ఇన్‌స్పెక్టర్‌ను చూసి ఆపలేదు. అందరూ వినేలాగానే చెప్పాడు.

"పొరపాటైందని రాసిచ్చెయ్యి మరదలా. శుభ్రం చేసేటప్పుడు విరిగిపోయాయి, భయపడి వేరేవి పెట్టాను అను. ఉద్యోగం పోతే పోయింది, జైలు తప్పుతుంది. నేను లేనా?"

"చెయ్యంది చేశానని ఎలా రాస్తాను బావా?"

"నువ్వు చేశావని నేనన్నానా పిచ్చిమొహమా. బయటపడే దారి చెప్తున్నా."

ఇన్‌స్పెక్టర్ వాళ్ల మాటలకు అడ్డు తగిలి, పూసలు విప్పి ఉన్నన్నాళ్లూ ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారో చెప్పమంది. చెల్లెలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. పూసల ట్రే ఈ బల్ల మీదే ఉండేదని, చేతులు కడుక్కోవడానికి పోయినా తలుపు దగ్గరికి వేసే పోయేదాన్నని చెప్పింది.

"బయటివాళ్లెవరూ రాలేదు మేడమ్," అంది చివరికి.

ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచింది. పోయిన వారం పరీక్ష గ్రాఫుల మీదే ఆవిడకు అనుమానం. పాత గ్రాఫుల్ని నకలు చేసి అంటించలేదని ఏం నమ్మకం అంది. ఆ మాటతో చెల్లెలి మొహంలో రక్తం లేకుండా పోయింది. తన పని మీద మాట పడితే తట్టుకోలేని పిల్ల అది.

"అక్కా, నా గ్రాఫులు తీసి చూపించు. నువ్వే చూపించు," అంది.

అక్క మళ్లీ మెషీన్ గదిలోకి పోయింది. ఈసారి అందరూ వెనకే వచ్చారు; చెల్లెలు తన స్టూలు లాక్కొచ్చుకుని కూర్చుంది. బావ కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అక్క పోయిన వారం గ్రాఫులు తెరిచింది. అంబర్ కొండలు స్పష్టంగా ఉన్నాయి. ఒక్కో పూసకూ చిన్న చిన్న తేడాలున్నాయి, అంటే నకళ్లు కావు. ఆ మాట చెప్పబోతూ ఆగిపోయింది.

కొండల మధ్య గుంటలు కనబడుతున్నాయి.

గీత ఉండవలసిన మట్టం కన్నా కిందికి, పల్లానికి దిగింది. ఒక్క గ్రాఫులో కాదు. వరసగా అన్నింట్లోనూ, అదే చోట, అంతే లోతుగా.

"ఇవేంటి?" అంది ఇన్‌స్పెక్టర్.

అక్క దగ్గరికి వంగి చూసింది. కుర్చీ ముందుకు లాక్కుంది, మళ్లీ వెనక్కి జరిపింది. తర్వాత చెప్పింది. వస్తువు పెట్టే ముందు ఖాళీ వజ్రాన్ని ఒకసారి కొలవాలి. గాలిలో ఉన్న తేమ, మన ఊపిరి, అన్నీ ఆ కొలతలో పడతాయి. ఆ తర్వాత ఏ వస్తువు పెట్టినా మెషీన్ దాని గ్రాఫులోంచి ఆ ఖాళీ కొలతను తీసేసి చూపిస్తుంది. అందుకని ముందు వజ్రాన్ని స్పిరిట్‌తో తుడవాలి. తుడవకుండా, ఏదో అంటుకుని ఉండగానే ఖాళీ అనుకుని కొలిస్తే, మెషీన్ ఆ అంటుకున్నదాన్ని కూడా ప్రతి గ్రాఫులోంచి తీసేస్తుంది. తర్వాత పూస పెట్టి మర బిగించగానే ఆ మరక పక్కకు జరిగిపోతుంది, అక్కడ లేనిదాన్ని తీసేస్తే గీత కిందికి పోతుంది. కొండ తలకిందులవుతుంది.

"తుడవలేదా నువ్వు?" అంది చెల్లెలితో.

చెల్లెలు తల దించుకుంది. ఆ రోజు పూసలన్నీ ఒక్క పూటలో అయిపోవాలని డైరెక్టర్ గారు ప్రాణం తీశారని, వజ్రం వైపు చూసుకోనేలేదని గొణిగింది. అంబర్ కొండలు కనిపిస్తే చాలనుకుంది. కిందికి చూడలేదు.

అక్క చెల్లెలి గ్రాఫులోంచి అంబర్‌ను తీసేసి, మిగిలిన గుంటల్ని తలకిందులు చేసింది. గుంటలు కొండలయ్యాయి. వాటి మీద ఈ ఉదయం ఎగిరిన పూస గ్రాఫు పరిచింది.

పెద్ద కొండ మీద పెద్ద కొండ. చివరి భాగంలో చిన్న కొండల వరస, అలాగే. పచ్చి ద్రవం కొండ ఉంది, పూసలో కన్నా ఇంకా ఎత్తుగా. పెద్ద కొండ పక్కన దేవదారు జిగురు భుజమూ ఉంది. ప్రపంచంలో అక్రిలిక్ ఎక్కడైనా దొరుకుతుంది. అందులో ఆ జిగురు కలిపినవాడు మాత్రం ఒక్కడే.

ఇన్‌స్పెక్టర్ చదువుకున్నది వేరే అయినా, విషయం పట్టుకోవడానికి ఆవిడకు ఎంతోసేపు పట్టలేదు. పైకి లేచింది అంబర్ కాబట్టి, ఆ పరీక్ష దాకా పూసలు అసలువే. కిందికి దిగింది నకిలీ సరుకు కాబట్టి, అంతకు ముందే దాన్ని ఎవరో ఈ మెషీన్ మీదికి తెచ్చారు. సరిగ్గా గట్టిపడని జిగట ముక్క. దాని మరక వజ్రం మీద మిగిలింది.

"మీ చెల్లెలే ముందు ముక్కను పరీక్షించుకుని, తర్వాత పూసల్ని చూసి ఉండొచ్చు," అంది.

"అలాగైతే మరక ఉందని దానికి తెలిసుండేది. తుడవకుండా తన దొంగతనాన్ని తన గ్రాఫుల్లోనే అచ్చు వేసుకుంటుందా?"

ఇన్‌స్పెక్టర్ ఆ మాటకు తల ఊపింది. మెషీన్‌కు పాస్‌వర్డ్ ఉందా అని అడిగింది. ఉంది. ఎవరెవరికి తెలుసు? అక్కకూ చెల్లెలికీ. ఇంకెవరికీ తెలియదు, డైరెక్టర్ గారికి చెప్పినా ఆయన చూద్దాం అన్నాడే తప్ప రాసుకోలేదు.

తేమ యంత్రం గుర్రుమంటూనే ఉంది. గుమ్మం దగ్గర బావ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు.

చెల్లెలు అక్కను చూస్తూ, అడగడం ఇష్టం లేనట్టుగా అడిగింది.

"అక్కా, ఆ రోజు నాకన్నా ముందు మెషీన్ దగ్గరున్నది నువ్వే కదా?"

అందరి కళ్లూ అక్క మీదికి మళ్లాయి. ఇన్‌స్పెక్టర్ మాత్రం కదలకుండా నిలబడింది.

అవును, అక్కే ఉంది. ఆ రోజంతా ఇప్పుడు కళ్ల ముందుకొచ్చింది. భోజనాల వేళ. బావ క్యారియర్ బల్ల మీద పెట్టి, జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. అందులో కట్టుడు పళ్లకు వాడే అక్రిలిక్‌తో చేసిన తేనె రంగు ముక్క ఉంది. పంటి రంగు కుదరక పసుపెక్కువైందని, పెట్టుకున్న ముసలాయన నోరు మండుతోందని గోల చేస్తున్నాడని, సరిగ్గా గట్టిపడిందో లేదో నీ మెషీన్‌లో ఒక్క చూపు చూడవోయ్ అని బతిమాలాడు. సొంత పని కాబట్టి అక్క గ్రాఫును కంప్యూటర్లో సేవ్ చేయలేదు. చూసి చెరిపేసింది. ఇంకా పచ్చిగా ఉంది, వేడి నీళ్లలో ఇంకాసేపు ఉంచాలని చెప్పింది. ఇందులో చెట్టు జిగురు లాంటిది కలిసిందేమిటని అడిగింది కూడా. కంపెనీవాళ్లు ఏం కలుపుతున్నారో వాళ్లకే తెలియాలని నవ్వేశాడు. అంతలో చెల్లెలు పూసల ట్రేతో పరుగున వచ్చింది. అక్క పొడి కాగితంతో వజ్రాన్ని ఒకసారి అలా తుడిచి, లేచి, కుర్చీ ఇచ్చింది.

ఆ తర్వాత పూసలు గుచ్చేదాకా ట్రే ఆ బల్ల మీదే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెల్లెలు చేతులు కడుక్కోవడానికి పోయేది. గదిలో మిగిలింది ఎవరు? బయటివాళ్లెవరూ రాలేదు. నిజమే. బావ బయటివాడని ఆ పిల్ల కల్లో కూడా అనుకోదు.

ముసలాయన ఎవరూ లేడు. నోరు మండిందీ లేదు. నకిలీ పూస సరిగ్గా కుదిరిందో లేదో చూసిపెట్టింది, ఎక్కడ లోపముందో చెప్పి దిద్దించింది, అక్కే.

ఆ ముక్క ఎవరు తెచ్చారో ఏ కంప్యూటర్లోనూ లేదు. తన తలలో తప్ప ఇంకెక్కడా లేదు. నేను చూసింది ఇంకేదో ప్లాస్టిక్ అంటే చాలు, కాదనేవాళ్లు లేరు. ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. స్టూలు మీద కూర్చున్న ఆ పిల్ల మాత్రం సాయంత్రం జీపెక్కుతుంది.

"మేడమ్, నేను వెళ్లి రావచ్చా?" అన్నాడు బావ. కారు తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి. "మా పాప స్కూలు వదిలే వేళైంది. ఇంటికి తీసుకెళ్లాలి."

ఇన్‌స్పెక్టర్ అక్క మీంచి చూపు తిప్పకుండానే, వెళ్లమన్నట్టు చేయి ఊపింది. ఆవిడకు కావలసిన మనిషి ఎదురుగా కుర్చీలో ఉన్నట్టే లెక్క.

బావ వెళ్లబోతూ అక్క కుర్చీ దగ్గర ఆగాడు. భుజం మీద చేయి వేశాడు. చేయి చెమటతో తడిగా ఉంది.

"కంగారు పడకు. ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం," అన్నాడు మెల్లగా.

అక్క తలెత్తి చూసింది. అనుమానం తన మీద పడిన క్షణాన, కట్టుకున్నవాడు అడగవలసింది ఒకే ఒక్కటి ఉంది. ఏమైంది, నువ్వేం పెట్టావ్ అక్కడ అని. ఆయన అడగలేదు. ఆయనకు జవాబు తెలుసు. తనకు గుర్తొచ్చిందన్న సంగతీ తెలిసిపోయింది. ఇంటికొచ్చాక మాట్లాడుకోవడానికి ఏముందో ఇద్దరికే తెలుసు.

ఆయన మొహం ఎప్పటిలాగే ఉంది. ఆ మొహంలో ఏం వెతకాలో కూడా అక్కకు అర్థం కాలేదు. భుజం మీది చేతిని పక్కకు తీసింది. ఆయన గుమ్మం దాటాడు. చెప్పుల చప్పుడు వరండాలో దూరమవుతోంది, మామూలు కన్నా వేగంగా.

"మేడమ్, ముందు ఆయన్ని ఆపించండి," అంది అక్క.

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం వెనకాడింది. తర్వాత కానిస్టేబుల్‌కు సైగ చేసింది. వరండాలో పరుగు వినిపించింది, ఆ పరుగు కన్నా ముందు ఇంకో పరుగు. మెట్ల దగ్గర పెనుగులాట జరిగింది. తాళాలు నేల మీద పడ్డాయి. చేతులు పట్టుకుని వెనక్కి తీసుకొస్తుంటే బావ నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు. ఇదేం న్యాయమండీ, పాప అక్కడ ఒక్కతే నిలబడుంటుంది అంటున్నాడు.

"ఆ రోజు మెషీన్ దగ్గర ఉన్నది మీరేనని మీ చెల్లెలంటోంది," అంది ఇన్‌స్పెక్టర్.

"నేనే. ముక్క నాది కాదు. పరీక్షించమని ఒకరు తెచ్చిచ్చారు."

"ఎవరు?"

అక్కడున్న అందరికన్నా ముందు చెల్లెలికి అర్థమైంది. స్టూలు మీంచి లేచి నిలబడింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. తనకు రోజూ అన్నం తెచ్చిపెట్టిన మనిషి వైపూ, తనను ఎత్తుకుని పెంచిన అక్క వైపూ మార్చి మార్చి చూసింది.

"అక్కా, వద్దే," అంది. "నేనే రాసిచ్చేస్తా."

"నువ్వు కూర్చో," అంది అక్క. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు కాకుండా, గుమ్మంలో నిలబడ్డ మనిషి కళ్లలోకి సూటిగా చూస్తూ, ప్రతి మాటా అందరికీ వినపడేలా చెప్పింది.

"తెచ్చింది ఈయన. పూసలు మార్చింది ఈయన. నా మొగుడు."